15 దాటింది, 50 రాలేదు.. ఆ పాత కారు కొనొచ్చా?

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో కార్ల తయారీ మొదలుపెట్టింది. దాని సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. అంటే సగటున రోజుకి 800 పైమాటే. అక్కడి నుంచి పుట్టపర్తికి గంట ప్రయాణం. దారిలో ఊళ్లలోకి కాస్త తొంగిచూస్తే ఇంకో రకం కార్లు కనిపిస్తాయి. చింతచెట్ల కింద, పాత మిల్లుల వెనక, టార్పాలిన్ కప్పుకుని నిలబడ్డ అంబాసిడర్లు, పద్మినులు, మొదటి తరం మారుతి 800లు. ఒకే జిల్లాలో కొత్త కారు పుడుతోంది, పాత కారు మూలన పడుతోంది.

ఆ మూలన పడ్డ కారు మీద ఇప్పుడు మీ వయసువాళ్ల కన్ను పడింది. తుప్పుపట్టిన బండిని తళతళలాడేలా మార్చే వీడియోలు ఫోన్‌లో బోలెడు. మొదటి జీతం రాగానే ఓ పాత పద్మిని కొని మనమే బాగుచేసుకుంటే ఎలా ఉంటుంది అన్న ఆలోచన చాలామందికి వస్తోంది. తాతగారి అంబాసిడర్ ఇంట్లోనే ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ఆలోచన మంచిదే. కానీ గత ఐదేళ్లలో పాత బళ్ల మీద మన దేశంలో రూల్స్ చాలా మారాయి. పెట్రోలే మారిపోయింది. ఈ మార్పులన్నీ కలిసి ఒక వయసు కార్లని ఇరుకున పెట్టాయి. 15 ఏళ్లు దాటి, ఇంకా 50 నిండని కార్లు అవి. మీరు కొనాలనుకునే కారు దాదాపుగా ఆ వయసులోనే ఉంటుంది. కాబట్టి ముందు లెక్క చూద్దాం, తర్వాత స్పానర్ పట్టుకుందాం.

చట్టం దృష్టిలో మూడు వయసులు

సొంత వాడకం కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఆర్టీవో ఆఫీసులో తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఒకప్పుడు దీనికి ఫీజు 600 రూపాయలే. 2022 ఏప్రిల్ 1 నుంచి కారుకి 5,000 అయింది. 2025 ఆగస్టులో కేంద్ర రవాణా శాఖ ఇంకో మెట్టు పెంచింది. 20 ఏళ్లు దాటిన కారుకి 10,000, మోటార్ సైకిల్‌కి 2,000, దిగుమతి చేసుకున్న కారుకి 80,000. రెన్యువల్ ఆలస్యమైతే కారుకి నెలకి 500 అదనం. రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ దీనికి వేరు.

ఇంకోపక్క 2021 ఆగస్టు 13న ప్రధాని ప్రారంభించిన స్క్రాపింగ్ విధానం ఉంది. పాత బండిని గుర్తింపు ఉన్న కేంద్రంలో తుక్కుకి ఇచ్చి సర్టిఫికెట్ తెచ్చుకుంటే, కొత్త సొంత కారు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇచ్చే వీలు రాష్ట్రాలకి కల్పించారు. ఉంచుకుంటే ఫీజు, వదిలేస్తే రాయితీ. కేంద్రం ఎటు నెడుతోందో దీన్నిబట్టే అర్థమవుతుంది. కాలుష్యం, రోడ్డు భద్రత అనే కారణాలు కూడా నిజమే. నలభై ఏళ్ల నాటి ఇంజిన్ పొగ నేటి ప్రమాణాలకి దరిదాపుల్లో కూడా ఉండదు.

మూడో వయసు 50. 2021 జులైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన టూ వీలర్, ఫోర్ వీలర్లకి ప్రత్యేక హోదా ఉంది. కొత్తగా రిజిస్టర్ చేస్తే నంబర్ ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని వస్తుంది. ఫీజు 20,000, చెల్లుబాటు పదేళ్లు, తర్వాత రెన్యువల్‌కి 5,000. షరతులు రెండున్నాయి. ఒకటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. రెండు, ఆ హోదా తీసుకున్నాక రోజూ ఆఫీసుకి వెళ్లిరావడానికి వాడకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకి, పెట్రోల్ పోయించుకోవడానికి, రిపేరుకి మాత్రమే రోడ్డెక్కాలి.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకోండి. 1986లో రిజిస్టర్ అయిన పద్మిని ఒకటి ఉందనుకుందాం. 2001 నుంచి ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతూ వస్తే 2026లో ఒకసారి, 2031లో ఇంకోసారి చేయించాలి. 10,000 చొప్పున 20,000. 2036కి 50 నిండుతాయి. అంటే మీరు 22 ఏళ్లకి కొంటే 32 ఏళ్లు వచ్చేదాకా ఆ కారు చట్టం దృష్టిలో వారసత్వ సంపద కాదు, ఉత్త పాత బండి. ఆ పదేళ్లూ దాన్ని రోడ్డు మీద ఉంచేది మీ పనితనమే. తనిఖీలో పాసవ్వాలి, పొగ పరీక్షలో పాసవ్వాలి, నడవాలి.

ఈ లెక్కలో ఇంకో కిటుకుంది. చాలామంది అంబాసిడర్లకి, పద్మినులకి వేరే బండి డీజిల్ ఇంజిన్లు బిగించుకుని నడిపారు. మైలేజీ కోసం చేసిన పని అది. అలాంటి బండి 50 ఏళ్లు నిండినా వింటేజ్ హోదా దగ్గర ఇబ్బంది పడుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చాలంటే అనుమతి కావాలి. అందుకే అసలు ఇంజిన్‌తో ఉన్న నాసిరకం బండి, ఇంజిన్ మారిన నున్నటి బండి కంటే మేలు.

పెట్రోల్ మారింది, కార్బొరేటర్ మారలేదు

2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ఈ20 పెట్రోల్‌ని ప్రారంభించారు. అందులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. 2025 నాటికి దేశమంతా దాదాపు ఇదే పెట్రోల్. ఈ20 తట్టుకునే భాగాలతో కార్లు రావడం మొదలైంది 2023 ఏప్రిల్ నుంచి. మీ 1986 కారు తయారైనప్పుడు ఇథనాల్ అన్న మాటే లేదు.

దీని మీద 2025లో పెద్ద గొడవే నడిచింది. ఈ20ని సవాలు చేస్తూ వేసిన పిటిషన్‌ని సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. కొన్ని పాత బళ్లలో రబ్బరు భాగాలు, గాస్కెట్లు ముందే మార్చాల్సి రావచ్చని, అది మామూలు సర్వీసులో అయిపోయే పనేనని పెట్రోలియం శాఖ అంతకుముందే చెప్పింది. మైలేజీ సంగతి నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. మామూలు పెట్రోల్ కోసం డిజైన్ చేసి, ఈ10కి సర్దుబాటు చేసిన కార్లలో ఈ20 పోస్తే 6 నుంచి 7 శాతం తగ్గుతుందని అంచనా. లీటరుకి 15 కిలోమీటర్లు వచ్చేది 14 అవుతుందన్నమాట.

పాత కారులో అసలు ఏం జరుగుతుందో తెలుసుకుంటే భయం తగ్గుతుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది. కాబట్టి అదే గాలికి ఇంకాస్త ఎక్కువ ఇంధనం కావాలి. కొత్త కారులో సెన్సర్ చూసుకుని కంప్యూటర్ సర్దుతుంది. కార్బొరేటర్‌లో జెట్ రంధ్రం సైజు మారదు. దాంతో మిశ్రమం పలచబడుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది, స్టార్టింగ్‌లో సతాయిస్తుంది. రెండోది, ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని, పెట్రోల్ పంపు డయాఫ్రమ్‌ని పాడుచేస్తుంది. మూడోది, ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని కదిలించి జెట్టుకి అడ్డం వేస్తుంది.

అందుకే పాత కారు కొన్న మొదటి వారంలో చేయాల్సిన పని, ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా ఉన్న పెట్రోల్ పైపులన్నీ మార్చడం. ఇథనాల్‌ని తట్టుకునే రకం అని అడిగి కొనండి. ఖర్చు తక్కువ, కానీ బండి తగలబడకుండా కాపాడే పని ఇది. ట్యాంకు తర్వాత ఒక ఫిల్టర్ పెట్టించండి. బండిని నెలల తరబడి కదపకుండా ఉంచకండి. ఇథనాల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది.

మన కరువు నేల.. పాత కారుకి వరమా, శాపమా

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దగ్గర. రైతుకి ఇది కష్టం. పాత కారు ఇనుప బాడీకి మాత్రం కలిసొచ్చే విషయం. విశాఖలోనో చెన్నైలోనో ఉప్పుగాలికి డోర్ల అడుగు, ఛాసిస్ తినేసినంతగా ఇక్కడ తినదు. పాత కారులో అన్నిటికంటే ఖరీదైన రిపేరు ఇంజిన్ కాదు, తుప్పు. కాబట్టి పుట్టపర్తి, ధర్మవరం, కదిరి చుట్టుపక్కల పుట్టి పెరిగిన బండి దొరికితే, తీరప్రాంతం బండి కంటే ముందుగా దాన్ని చూడండి.

శాపం మూడు రకాలు. మొదటిది ఎండ. రబ్బరు బీడింగులు, వైపర్లు, హోస్ పైపులు, టైర్లు పగుళ్లు వేస్తాయి. టైరు అరగకపోయినా పాతబడుతుంది. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. గుండీలు బాగున్నాయి కదా అని పన్నెండేళ్ల టైరుతో హైవే 44 ఎక్కకండి.

రెండోది దుమ్ము. ఎయిర్ ఫిల్టర్‌ని మాన్యువల్‌లో రాసినదానికంటే ముందే శుభ్రం చేయాలి. దుమ్ము లోపలికి వెళితే సిలిండర్ గోడలు అరిగిపోతాయి, ఆయిల్ తాగుతుంది, నీలం పొగ వస్తుంది.

మూడోది మన బోరు నీళ్లు. ఇంట్లో గీజర్ కాయిల్‌కి, స్టవ్ మీద గిన్నె అడుగున పట్టే తెల్లటి పొర చూశారుగా? రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తే అదే పొర సన్నటి గొట్టాల్లో పడుతుంది. నీళ్లు తిరగవు, మే నెలలో బండి కక్కేస్తుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేయించడం మన దగ్గర మామూలు. దానివల్ల ఇంజిన్ సరైన వేడికి రాక పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. సమస్య రేడియేటర్‌లో ఉంటే రేడియేటర్‌నే బాగుచేయాలి. ఇంకో మాట, వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకండి. ముఖం కాలుతుంది.

ఎండాకాలం మధ్యాహ్నం బండి ఉన్నట్టుండి ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్టవుతుందా? పెట్రోల్ పైపులోనే ఆవిరై పంపు లాగలేకపోయి ఉండొచ్చు. పాత అంబాసిడర్ డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసేవాళ్లు అందుకే. మనం ఫిజిక్స్‌లో చదువుకున్న బాష్పీభవనమే అది.

కొనే ముందు కాగితాలు

బండి చూసి మనసు పారేసుకునే ముందు ఆర్సీ అడగండి. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం కలవాలి. రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉందో చూడండి. గడువు దాటి ఏళ్లయితే ఆలస్య రుసుము నెలల లెక్కన పేరుకుని ఉంటుంది. అది ఎవరు కడతారో ముందే తేల్చుకోండి. యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరు మీదకి మారాకే కొనండి. లోన్ ఎప్పుడో తీరినా ఆర్సీలో ఫైనాన్స్ పేరు అలాగే ఉండొచ్చు. దాన్ని తీయించాలి.

వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌వోసీ కావాలి, మన దగ్గర మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఢిల్లీ చుట్టుపక్కల 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బళ్ల మీద ఏళ్లుగా ఆంక్షలు, కోర్టు కేసులు నడుస్తున్నాయి. అక్కడి బళ్లు చవకగా అమ్మకానికి కనిపిస్తాయి. కాగితం సరిగ్గా లేకుంటే ఆ చవక బండి మీ ఇంటి ముందు ఇనుప సామాను అవుతుంది.

ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ తప్పనిసరి. ఐదేళ్లు దాటిన బండి విలువని కంపెనీ, మీరు మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. ఫొటోలు, బిల్లులు దాచుకుంటే ఆ బేరంలో పనికొస్తాయి.

డబ్బు విషయంలో నా సలహా సూటిగా చెబుతా. చేతిలో ఎంత ఉందో అందులో సగానికే బండి చూడండి. మిగతా సగం మొదటి ఏడాది రిపేర్లకి. అప్పు చేసి మాత్రం వద్దు. ఉద్యోగానికి వెళ్లడానికి ఉన్న ఏకైక వాహనం ఇదే అయితే అసలే వద్దు. ఇంటర్వ్యూ రోజున బండి మొరాయిస్తే పాత కారు మీద ప్రేమ అక్కడే పోతుంది.

నేర్చుకునే వరుస

వీడియోల్లో మొదట పెయింట్ చూపిస్తారు. మీరు మొదట బ్రేకులు చూడండి. ఆపగలిగిన బండినే నడపాలి. పాత కార్లలో చాలావాటికి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. షూలు అరిగేకొద్దీ సర్దుబాటు చేయాలి. బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. చక్రం లోపలివైపు తడి కనిపిస్తే వీల్ సిలిండర్ లీకవుతోందని. మొదటిసారి బ్రేక్ పని మెకానిక్ చేతే చేయించి, పక్కన నిలబడి చూడండి. పాత షూల పొడిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. నోటితో ఊదకండి, గాలి కొట్టకండి, తడిగుడ్డతో తుడవండి.

తర్వాత కూలింగ్, అంటే రేడియేటర్, హోసులు, ఫ్యాన్ బెల్టు. ఆ తర్వాత ఆయిల్. 5,000 కిలోమీటర్లకో, ఆరు నెలలకో, ఏది ముందైతే అప్పుడు మార్చండి. పాత ఇంజిన్‌కి మాన్యువల్‌లో చెప్పిన చిక్కదనమే వాడాలి. ఖరీదైన పలచటి ఆయిల్ పోస్తే మేలు జరగదు, సీళ్ల నుంచి కారుతుంది. అంబాసిడర్ లాంటి బళ్లకి ముందు సస్పెన్షన్‌లో గ్రీజు నిప్పిల్స్ ఉంటాయి. గ్రీజు గన్‌తో వాటిని మరిచిపోకుండా నింపాలి.

నాలుగోది కరెంటు. పాత బండి సమస్యల్లో సగం వదులైన ఎర్త్ వైరు, తుప్పుపట్టిన టెర్మినల్ దగ్గరే తేలతాయి. ఒక మల్టీమీటర్ కొనండి. కాలేజీ ల్యాబ్‌లో వాడిందే.

అయిదోది ఇగ్నిషన్. పాయింట్లు, కండెన్సర్, ప్లగ్గులు. ఫీలర్ గేజ్‌తో పాయింట్ గ్యాప్ మాన్యువల్ ప్రకారం సెట్ చేయడం ఒక ఆదివారం పని. ప్లగ్గు విప్పి రంగు చూడండి. లేత గోధుమ రంగైతే బాగుంది. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది. మరీ తెల్లగా పాలిపోయి ఉంటే మిశ్రమం పలచన. పైన ఈ20 గురించి చెప్పుకున్నది ఇక్కడ మీ కంటికి కనిపిస్తుంది.

కార్బొరేటర్ చివరికి ఉంచండి. కొత్తవాళ్లు మొదట దాని స్క్రూలే తిప్పుతారు. మిగతావన్నీ సరిగ్గా ఉన్నాకే దాని మీద చెయ్యి వేయాలి. ఒకసారి ఒక్కటే మార్చండి, మార్చింది రాసుకోండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

పనిముట్లకి పెద్ద ఖర్చు అక్కర్లేదు. రింగు స్పానర్ల సెట్టు, సాకెట్ సెట్టు, ఫీలర్ గేజ్, మల్టీమీటర్, గ్రీజు గన్, మంచి టార్చి. వీటన్నిటికంటే ముందు రెండు జాకీ స్టాండ్లు కొనండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకండి. చిన్న అగ్నిమాపక సిలిండర్ ఒకటి బండిలో ఉండాలి.

మెకానిక్ అన్నే మీ ప్రొఫెసర్

అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. ముంబైలో చివరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబర్‌లో రోడ్డు దిగింది. పాయింట్లు సెట్ చేయడం, కార్బొరేటర్ ట్యూన్ చేయడం తెలిసిన మెకానిక్‌లు ఇప్పుడు పెద్దవయసులో ఉన్నారు. వాళ్ల షెడ్లలో కుర్రాళ్లు స్కానర్ పెట్టి కోడ్ చదవడం నేర్చుకుంటున్నారు. వాళ్లది న్యాయమే, బళ్లు అవే వస్తున్నాయి కాబట్టి. కానీ చెవి పెట్టి విని ఏ సిలిండర్ కొట్టడంలేదో చెప్పే విద్య ఆ పెద్దాయనతోనే ఆగిపోయేలా ఉంది.

ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంటర్నెట్‌లో ఇలా చెప్పారు అని మొదలుపెట్టకండి. అన్నా, ఇది విప్పేటప్పుడు నేను చూడొచ్చా అని అడగండి. పనికి అడ్డం రాకుండా టార్చి పట్టుకోండి. అడిగిన కూలీ బేరమాడకుండా ఇవ్వండి. మీరు కట్టే ఫీజు అదే.

విడిభాగాలకి హిందూపురం, అనంతపురం షాపుల్లో దొరకనివి బెంగళూరు జేసీ రోడ్డులో వెతకొచ్చు. హైదరాబాద్ వైపు రాణిగంజ్, కోస్తా వైపు విజయవాడ ఆటోనగర్, తమిళనాడులో చెన్నై పుదుపేట ఉన్నాయి. పాత భాగం చేత్తో పట్టుకుని వెళ్లండి, పోల్చి చూసుకుని కొనండి. స్క్రాపింగ్ పెరిగేకొద్దీ విడిభాగాలు ఇచ్చే పాత బళ్లు తగ్గుతాయి. కాబట్టి పంపు కిట్టు, పాయింట్లు, వీల్ సిలిండర్ కిట్లు లాంటివి ఒక జత ముందే దాచుకోవడం తెలివైన పని.

మరి ఉద్యోగానికి ఏం లాభం?

ఇది కెరీర్ పేజీ కాబట్టి తప్పక అడగాల్సిన ప్రశ్న. పాత కారు బాగుచేయడం తెలుసు అని రెజ్యూమెలో రాస్తే ఉద్యోగం ఇచ్చేస్తారా? ఇవ్వరు. క్లాసిక్ కార్ల పునరుద్ధరణ షెడ్లు బెంగళూరు, చెన్నై, ముంబై లాంటిచోట్ల ఉన్నాయి గానీ అది చిన్న మార్కెట్. కార్బొరేటర్ ట్యూనింగ్ నేర్చుకుని జీవితాంతం దానిమీదే బతుకుదామంటే కష్టం. మన జిల్లా ఫ్యాక్టరీ నుంచే 2025లో కారెన్స్ క్లావిస్ ఈవీ బయటికొచ్చింది. ఎలక్ట్రిక్ కారుకి కార్బొరేటర్ లేదు, స్పార్క్ ప్లగ్గు లేదు.

కానీ ఎలక్ట్రిక్ కారుకీ బ్రేకులున్నాయి, సస్పెన్షన్ ఉంది, బేరింగులున్నాయి, బ్యాటరీని చల్లబరిచే కూలింగ్ ఉంది, మన పద్మినిలో కంటే ఎన్నో రెట్లు వైరింగ్ ఉంది. ఎర్త్ వైరు దగ్గర వోల్టేజ్ డ్రాప్ వెతికినవాడికి ఆ పద్ధతి అక్కడా పనికొస్తుంది. మెకానికల్, ఆటోమొబైల్, ఎలక్ట్రికల్ విద్యార్థుల్ని ఇంటర్వ్యూలో ఎక్కువగా ఇబ్బందిపెట్టే ప్రశ్న, మీ ప్రాజెక్టులో మీరు స్వయంగా చేసిందేంటి అన్నది. కొనుక్కొచ్చిన ప్రాజెక్టు రిపోర్టు అక్కడ దొరికిపోతుంది. బండి వేడెక్కుతోంది, మూడు కారణాలు అనుకున్నాను, ఒక్కోటీ ఇలా కొట్టేశాను, చివరికి ఇది తేలింది అని చెప్పగలిగితే ఎదుటివాళ్లు వింటారు. తేదీలు, కిలోమీటర్లు, మార్చిన భాగాలు, ఖర్చు రాసిన ఒక లాగ్ బుక్ చూపిస్తే ఇంకా బాగా వింటారు.

ఇందుకు మనకి ఓ పెద్ద ఉదాహరణ ఉంది. కోయంబత్తూరు దగ్గర తెలుగు కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి.నాయుడు. కుర్రతనంలో ఓ రడ్జ్ మోటార్ సైకిల్‌ని చూసి ముచ్చటపడి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి కొన్నారు. దాన్ని మొత్తం విప్పి, మళ్లీ బిగించి మెకానిక్ అయ్యారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సు తిప్పడంతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థనే నడిపారు. 1940ల్లో ఇంజనీరింగ్ కాలేజీ స్థాపనకి కారకులయ్యారు. నాలుగేళ్ల చదువు అక్కర్లేదు, రెండేళ్లు చాలని వాదించారు కూడా. ఆ వాదనతో మనం ఏకీభవించాల్సిన పనిలేదు. ఆయన కుటుంబం నడిపే జీడీ కార్ మ్యూజియం కోయంబత్తూరులో ఉంది. అటు వెళ్తే చూసి రండి.

ఈ విద్యకి కాగితం కూడా కావాలనుకుంటే దారులున్నాయి. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ రెండేళ్లు. ఇంజనీరింగ్, డిప్లొమా పూర్తిచేసినవాళ్లకి కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ పథకాలు ఉన్నాయి. ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ సర్టిఫికెట్ కోర్సులున్నాయి. సొంత బండి మీద నేర్చుకున్న పని, పక్కన ఈ కాగితం.. రెండూ కలిస్తే సర్వీస్ సెంటర్‌లోనో, విడిభాగాల కంపెనీ క్వాలిటీ విభాగంలోనో మీకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

మారాల్సింది ఒకటుంది

రూల్స్ విషయంలో ఒక మాట అడగాలి. 49 ఏళ్ల కారుకి రెన్యువల్ ఫీజు రెట్టింపు, 50 నిండితే వారసత్వ హోదా. నిన్న భారం అనుకున్నది ఒక్కరోజులో సంపద ఎలా అవుతుంది? 50 ఏళ్లు చేరాలంటే ఆ బండి ముందు 30, 40 దాటాలి కదా. అసలు ఇంజిన్‌తో, ఏడాదికి కొద్ది కిలోమీటర్లే తిరుగుతూ, తనిఖీలో పాసయ్యే కారుకి మధ్యలో ఒక మెట్టు ఉంటే బాగుంటుంది. తక్కువ వాడకానికి తక్కువ ఫీజు, కానీ తనిఖీ మాత్రం కచ్చితంగా. పొగ కక్కే బండిని కాపాడమని ఎవరూ అడగడంలేదు. జాగ్రత్తగా చూసుకునేవాడికీ, గాలికొదిలేసినవాడికీ ఒకే ఫీజు ఉండటం గురించే ప్రశ్న.

ఆ మార్పు వచ్చేదాకా ఈ మధ్య వయసు కార్ల భవిష్యత్తు వాటిని కొన్నవాళ్ల చేతుల్లోనే ఉంటుంది. మీరు అందులో ఒకరు కావాలనుకుంటే కారుతోనే మొదలుపెట్టక్కర్లేదు. ఇంట్లో నాన్నగారి పాత స్ప్లెండరో, మూలన ఉన్న బజాజ్ చేతకో చూడండి. ఈ ఆదివారం దాని ప్లగ్గు విప్పి రంగు చూసి, ఎయిర్ ఫిల్టర్ దులిపి, తేదీ వేసి ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఆరు నెలలు ఆ నోట్‌బుక్ ఆగకుండా నిండితే, అప్పుడు కారు బేరం మాట్లాడండి. రెండో వారానికే నోట్‌బుక్ పక్కన పడితే ఆ డబ్బు బ్యాంకులోనే ఉంచుకోండి.